అక్కా, ఈరోజు పాప ఏం తింది?



ఈ మధ్య ఒక శుక్రవారం ఆరాధన అయ్యాక టీ తాగుతూ నిలబడి ఉండగా, హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఒక జంట మా దగ్గరికొచ్చి అడిగారు: "హూరాలో పాపని చూసుకునే ఆంటీ ఎవరైనా ఉన్నారా బ్రదర్?" వాళ్ల పాపకి అయిదో నెల. తల్లి ఇంకో పది రోజుల్లో ఉద్యోగంలో చేరాలి. మాలో ముగ్గురం వెంటనే ఫోన్లు తీసి నంబర్లు ఇచ్చాం. "చాలా మంచావిడ, ప్రార్థనాపరురాలు" అని ఒక సిస్టర్ అన్నారు. దాంతో సర్టిఫికెట్ ఇచ్చేసినట్టే అయింది. ఆ ఇంట్లో పిల్లలు ఎంతమంది, మధ్యాహ్నం ఏం పెడతారు, బాల్కనీకి గ్రిల్లు ఉందా అని ఆ జంట అడగలేదు. మేమూ చెప్పలేదు. మీరు దుబాయిలో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా, మీ సంఘంలో కూడా ఇలాంటి సంభాషణ జరిగే ఉంటుంది.

ఇంటికొచ్చాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. నేనిచ్చిన నంబరు మా పాపని చూసుకునే అక్కది. ఆ అక్క విషయంలో నాకు ఏం జరిగిందో ఆ జంటకి చెప్పకుండా నంబరు మాత్రం ఇచ్చాను. అది ఇప్పుడు మీకు చెప్తాను.

హూరా తెలిసినవాళ్లకి ఆ బిల్డింగులు తెలుసు. ఎగ్జిబిషన్ రోడ్డు వెనక సందులు, కింద కోల్డ్ స్టోరు, పైన రెండేసి గదుల ఫ్లాట్లు. అలాంటి ఒక ఫ్లాట్లో అక్క ఐదారుగురు పిల్లల్ని చూసుకుంటుంది. ఆమె పేరు, ఊరు, వీసా సంగతులు ఇక్కడ రాయను. గోదావరి వైపు మనిషి అని మాత్రం చెప్తాను. మనతోపాటే ఆరాధనకి వస్తుంది, వెనక వరసలో కూర్చుంటుంది.

బహ్రెయిన్‌లో 2012 నాటి కార్మిక చట్టం ప్రకారం ప్రైవేటు ఉద్యోగం చేసే తల్లికి జీతంతో 60 రోజుల ప్రసూతి సెలవు, కావాలంటే జీతం లేకుండా మరో 15 రోజులు ఇస్తారు. ఇండియాలో 2017 నుంచి అది 26 వారాలు. ఇక్కడ బిడ్డకి ఆరు నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకి రెండుసార్లు గంట చొప్పున విరామం కూడా చట్టం ఇచ్చింది. కానీ ఆఫీసు ఒక చోట, పాప ఒక చోట ఉంటే ఆ గంట ట్రాఫిక్‌కే చాలదు. మా ఆవిడ యాన్యువల్ లీవు కూడా కలిపి ఎలాగో నాలుగు నెలలు లాగింది. ఆ తర్వాత పాపని అక్క చేతుల్లో పెట్టాం. ఆమె నెలకి 45 దినార్లు అడిగింది. నేను బేరమాడి 40కి ఒప్పించాను.

సాయంత్రం పాపని తీసుకునేటప్పుడు మెట్ల దగ్గర నిలబడి రోజూ ఒకే మాట అడిగేవాణ్ణి. "పాప బాగానే ఉందా అక్కా?" "బాగానే ఉందండి బ్రదర్ గారూ." అంతే. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. డబ్బు కట్టే ఒక చిన్న స్క్రీను బయటికి పంపాలంటే వందల టెస్టులు రాస్తాం. తప్పు నంబరు కొడితే ఏమవుతుంది, నెట్ పోతే ఏమవుతుంది, ఒకేసారి రెండుసార్లు నొక్కితే ఏమవుతుంది, అన్నీ. సర్వర్ ఐదు నిమిషాలు ఆగితే అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. మా పాపకి మాత్రం నేను రాసుకున్న టెస్టు ఒక్కటే. దాని జవాబు కూడా ఎప్పుడూ ఒక్కటే.

పదిహేనో నెలలో జ్వరం వస్తే క్లినిక్కి తీసుకెళ్లాం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది. ఆ వయసుకి 11 దాకా ఉండాలన్నారు డాక్టరు. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. "ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా పాప ఏం తింటుంది?" మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పదకొండు నెలలుగా మా బిడ్డ మెలకువగా ఉండే సమయంలో సగానికి పైగా ఎలా గడుస్తోందో మాకు తెలియదు.

అక్కని అడిగితే ఏమీ దాచలేదు. నాలుగైదు సీసాల పాలు, మధ్యలో టీలో ముంచిన బిస్కెట్లు, మధ్యాహ్నం కాస్త పాలన్నం, అది కూడా ఫోన్‌లో పాటలు పెట్టి. ఆమె దృష్టిలో పాప కడుపు నిండా తాగుతోంది, ఏడవడం లేదు. ఇంకేం కావాలి?

ఆ రోజు డాక్టరు చెప్పినవి మీ ఇంట్లో పసిపిల్లలుంటే ఉపయోగపడతాయి. తల్లి కడుపులో ఉండగా బిడ్డ కూడబెట్టుకున్న ఇనుము దాదాపు ఆరు నెలలకి అయిపోవస్తుంది. అందుకే ఆరు నెలలు నిండగానే పాలతోపాటు వేరే తిండి మొదలుపెట్టాలి. ఆవు పాలల్లో ఇనుము చాలా తక్కువ. పైగా ఆ పాలతో కడుపు నిండిపోతే పప్పుకీ గుడ్డుకీ చోటుండదు. టీ అయితే తిన్నదాంట్లోని ఇనుము కూడా ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. ఈ వయసులో రక్తహీనత ఎక్కువ కాలం ఉంటే బిడ్డ ఎదుగుదల మీదే కాదు, నేర్చుకునే శక్తి మీద కూడా దెబ్బ పడుతుంది. మన అమ్మమ్మలు బియ్యం, పప్పులు వేయించి విసిరి ఉగ్గు చేసి పెట్టేవారు. మనం ఆ ఉగ్గు గిన్నెని ఊళ్లో వదిలేసి బిస్కెట్ ప్యాకెట్ పట్టుకొచ్చాం. ఫోన్ సంగతి సరేసరి. ఏడాది లోపు పిల్లలకి స్క్రీను అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

మొదట నాకు అక్క మీద కోపం వచ్చింది. అది రెండు రోజులు కూడా నిలవలేదు. ఎందుకంటే పాపకి ఏడో నెలలో విరేచనాలు పట్టుకున్నప్పుడు, మేం ఆఫీసు నుంచి వచ్చేసరికి, ఆమె పాపని భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. పొద్దుట్నుంచీ అలాగే తిరిగిందని పక్క ఫ్లాటువాళ్లు చెప్పారు. ఆమెకి ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మరి ప్రేమ ఉన్నచోట ఇలా ఎందుకైంది? ప్రేమ ఉంటే చాలదా? ఈ ప్రశ్నతోనే నేను మళ్లీ వాక్యం దగ్గరికి వెళ్లాను.

రెండవ సమూయేలు నాలుగో అధ్యాయం, నాలుగో వచనం చూడండి. సౌలు, యోనాతాను చనిపోయారన్న వార్త యెజ్రెయేలు నుంచి వస్తుంది. యోనాతాను కొడుకు మెఫీబోషెతుకి అప్పుడు ఐదేళ్లు. దాది అతణ్ణి ఎత్తుకుని పరుగెత్తింది. ఆ తొందరలో పిల్లవాడు పడిపోయి రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. తొమ్మిదో అధ్యాయంలో దావీదు అతణ్ణి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్న సంగతి మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆ దాది గురించి నేను ఒక్క ప్రసంగం కూడా వినలేదు. ఆమె పిల్లవాణ్ణి వదిలేసి తన ప్రాణం దక్కించుకోవచ్చు. అలా చేయలేదు. నమ్మకస్తురాలు. అయినా ఆ పిల్లవాడు బతికినన్నాళ్లూ కుంటివాడుగానే ఉన్నాడు. బైబిలు ఆమెని ఒక్క మాట కూడా అనలేదు, కానీ జరిగిన నష్టాన్ని దాచనూ లేదు. రాజు ఇంట్లో అంతమంది ఉండి కూడా, ఆపద వస్తే ఈ బిడ్డని ఎవరు, ఎలా, ఏ దారిన తీసుకెళ్లాలో ముందే ఆలోచించినట్టు కనపడదు. అది దాది ఒక్కదాని పనా?

మనం ఉంటున్న ఈ ఊళ్లోనే ఇంకో సాక్ష్యం ఉంది. అరేబియన్ మిషన్ తరఫున సామ్యూల్ జ్వెమర్ 1890లలో బహ్రెయిన్ వచ్చాడు. ఆయన భార్య ఏమీ శిక్షణ పొందిన నర్సు. 1903లో మనామాలో మిషన్ ఆస్పత్రి తెరిచారు. అదే ఈనాటి అమెరికన్ మిషన్ హాస్పిటల్. మనలో చాలామంది పిల్లలు అక్కడే పుట్టారు. ఆస్పత్రి తెరిచిన మరుసటి ఏడాది, 1904 జులైలో, వాళ్ల ఏడేళ్ల కూతురు కాథరీనా, నాలుగేళ్ల కూతురు రూత్, కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు రక్త విరేచనాలు. ఇద్దరినీ ఇక్కడే పాతిపెట్టారు. ఆ ఇంట్లో ప్రేమ తక్కువా? ప్రార్థన తక్కువా? తల్లి నర్సు కాదా? ఈరోజు విరేచనాలతో ఈ ఊళ్లో పిల్లలు అలా పోవడం లేదంటే, మనం జ్వెమర్ దంపతుల కంటే భక్తిపరులమయ్యామని కాదు. శుభ్రమైన నీళ్లు, టీకాలు, ఓఆర్ఎస్, చేతులు కడుక్కోవడం, వీటిని ఎవరో ఒకరు కొలిచి, రాసి, తనిఖీ చేస్తూ ఉండటం వల్ల.

2012 మే 28న దోహాలోని విలాజియో మాల్‌లో మంటలు లేచినప్పుడు అక్కడి నర్సరీలో 13 మంది పిల్లలు, వాళ్లతోపాటే నలుగురు టీచర్లు, ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ వార్త చదివినప్పుడు నాకు పెళ్లి కూడా కాలేదు. ఇప్పుడు తలుచుకుంటే గుండె జారిపోతుంది. అప్పటినుంచి నేను ఏ నర్సరీ మెట్లెక్కినా బయటికి ఇంకో దారి ఉందా అని చూస్తున్నాను. అక్క ఫ్లాట్‌కి మాత్రం పదకొండు నెలల్లో చూడలేదు. ఉన్నది ఒక్క తలుపు. దాని పక్కనే గ్యాస్ సిలిండరు.

ఈ విషయం సహవాసంలో ఎత్తినప్పుడు ఒక పెద్దాయన నెమ్మదిగా ఒక మాటన్నారు. "బ్రదర్, ఇన్ని ప్రశ్నలు అడిగితే ఆమెని అనుమానించినట్టు అవుతుంది. పాపని దేవుని చేతిలో పెట్టి వెళ్లండి." నేను ఆ మాటని తేలిగ్గా తీసుకోలేదు. నిజంగానే మన అడగడంలో చాలాసార్లు ఒక అహంకారం ఉంటుంది. డబ్బిచ్చేవాడు తీసుకునేవాళ్లని నిలదీసే గొంతు అది. కెమెరా పెట్టి ఫోన్‌లో పొద్దంతా చూస్తూ, "ఆ ఎర్ర చొక్కా పిల్లాడికి ముందు ఎందుకు పెట్టావు?" అని మెసేజ్ పెట్టేవాళ్లు ఉన్నారు. అది వద్దు.

కానీ దానియేలు మొదటి అధ్యాయం గుర్తుచేసుకోండి. శాకధాన్యాలు, నీళ్లు చాలన్నప్పుడు, వాళ్ల బాగోగులు చూసే అధికారికి భయం వేసింది. కుర్రాళ్లు చిక్కిపోతే రాజు తన తల తీస్తాడని. దానియేలు ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు అనలేదు. పది రోజులు పెట్టి చూడండి, తర్వాత మా ముఖాలు చూసి మీరే తేల్చండి అని తనే పరీక్ష అడిగాడు. హన్నా సంగతి కూడా అంతే. ఆమె సమూయేలుని దేవునికే అప్పగించింది, షిలోహులో వదిలిపెట్టి వచ్చింది. అయినా ఏటేటా చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్లేది. కొలత తెలియకుండా అంగీ కుట్టలేం కదా. బిడ్డ ఎంత ఎదిగాడో ఆమె ప్రతి ఏడూ కళ్లతో చూసి, చేత్తో కొలిచి ఉంటుంది. దేవుని చేతిలో పెట్టడానికీ కొలవడానికీ ఆమెకి పోట్లాట కనపడలేదు.

మా పాప రిపోర్టు చూపించి అక్కకి అంతా వివరించిన రోజు ఆమె ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, ఏదో గుర్తొచ్చినట్టు, "మా బాబుకి అంగన్‌వాడీలో రోజూ గుడ్డు పెడతారండి. నెలనెలా బరువు తూస్తారు" అంది. మామూలుగానే అంది. నాకే ఎక్కడో తగిలింది.

ఆమె నాలుగేళ్ల కొడుకు ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంటున్నాడు. మోషే తల్లి జీతం పుచ్చుకుని తన బిడ్డకే పాలిచ్చింది (నిర్గమకాండము 2). ఈమె తన బిడ్డని వదిలి, జీతం పుచ్చుకుని నా బిడ్డకి పాలు పడుతోంది. అయితే ఆ ఊరి అంగన్‌వాడీలో ఆ బాబుకి ఒక రాసిపెట్టిన హక్కు ఉంది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ పేరుతో మొదలైన పథకం అది. 2001 నుంచి సుప్రీంకోర్టులో నడిచిన ఆహార హక్కు కేసులో వచ్చిన ఆదేశాలతో విస్తరించింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టంతో హక్కయింది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి రోజుకి 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందేలా ఉదయం చిరుతిండి, వేడి భోజనం పెట్టాలని ఆ చట్టం వచ్చినప్పుడు అందులోనే రాశారు. తెలంగాణలో ఆ వయసు పిల్లలకి నెలకి 30 గుడ్లు, అంతకంటే చిన్నవాళ్లకి 16 గుడ్లు, బాలామృతం ఇస్తారు. నెలకి అంత సంపాదించే నా కూతురికి పదకొండు నెలల్లో ఏం తినాలో ఒక్క కాగితం మీద కూడా ఎవరూ రాయలేదు. రాయాల్సినవాణ్ణి నేనే.

అంగన్‌వాడీని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. కాగితం మీద ఉన్నదంతా పళ్లెంలోకి రావడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. వయసుకి తగ్గ ఎత్తు లేని పిల్లలు ఆంధ్రలో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. అయినా ఒక తేడా ఉంది. గుడ్డు రాకపోతే ఆ అమ్మమ్మ వెళ్లి "ఏది?" అని అడగొచ్చు. ప్రమాణం అంటే అదే కదా, పేదవాడు కూడా చూపించి అడగగలిగే మాట. హూరాలో అలా అడగడానికి నా దగ్గర ఏ మాటా లేదు.

ఇంకోటి. ఆ గుడ్డు ఉడకబెట్టే టీచర్లు, ఆయాలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు ఆంధ్రప్రదేశ్ అంతటా సమ్మె చేశారు. టీచరుకి అప్పుడు నెలకి 11,500 రూపాయలు. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. పిల్లల్ని చూసుకునే పని అత్యవసర సేవ అని ఒప్పుకున్న చట్టం, ఆ పని చేసేవాళ్లని ఉద్యోగులని ఒప్పుకోలేదు. చదివి, అయ్యో అనుకున్నాను. అప్పుడు నా 5 దినార్లు గుర్తుకు రాలేదు.

ఇప్పుడు గుర్తొస్తున్నాయి. నలభై ఐదు అడిగిన మనిషిని నలభైకి దించాను. మిగతా తల్లిదండ్రులూ అలాగే దించి ఉంటారు. అలా దించితే ఆమె ఏం చేస్తుంది? నలుగురిని చూసుకోగలిగినచోట ఆరుగురిని తీసుకుంటుంది. ఆరుగురిలో ఒక్కొక్కరికి పప్పన్నం మెత్తగా పిసికి తినిపించేంత సమయం ఉండదు, సీసా అందిస్తుంది. ఏడుపు ఆపడానికి ఫోన్ పెడుతుంది. మా పాప రక్తంలో తగ్గినదాంట్లో నా బేరం కొంత ఉంది. అక్కా అని పిలుస్తూనే ఆ పని చేశాను.

ఆ తర్వాత నెలకి 50 దినార్లు చేశాం. రాగిజావ, ఉడికించిన గుడ్డు, మెత్తటి ఆకుకూర పప్పు ఇంటి నుంచే డబ్బాల్లో పంపాం. డాక్టరు రాసిన ఇనుము చుక్కల మందు వేశాం. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టాం. మా ఆవిడ మొదటి పేజీలో పొద్దున పాప ఏం తిందో రాసి అక్కకి ఇచ్చింది, అంటే లెక్క చెప్పడం ముందు మావైపు నుంచే మొదలైంది. అక్కకి చదవడం, రాయడం కొంచెమే వచ్చు. గుడ్డుకి ఒక సున్నా, పప్పుకి ఒక గీత పెట్టేది. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 11.2 వచ్చింది.

ఒక విషయం మాత్రం ఇంకా నన్ను తొలుస్తూనే ఉంది. ఈ దేశంలో నర్సరీ నడపాలంటే లైసెన్సు ఉండాలి. 2012 నాటి బాలల చట్టంలోనే ఆ మాట ఉంది. అక్క ఫ్లాట్‌కి లేదు. అది తెలిసే పాపని పంపాను, ఎందుకంటే లైసెన్సు ఉన్నచోట ఫీజు ఎక్కువ, మధ్యాహ్నానికే మూసేవాళ్లు కూడా ఉన్నారు. అధికారులకి లోబడాలన్న రోమా పత్రిక మాటని వీసా విషయంలో పాటిస్తాం, ట్రాఫిక్‌లో పాటిస్తాం, ఇక్కడ మాత్రం నోరెత్తం. వచ్చే నెల నుంచి పాపని లైసెన్సున్న నర్సరీలో వేస్తున్నాం. అక్కకి ఆ నెల ఆదాయం తగ్గుతుంది. అక్కడ మిగిలే ఐదుగురు పిల్లలు అక్కడే ఉంటారు, ఆ ఒక్క తలుపు దగ్గరే. నేను తప్పుకున్నంత మాత్రాన వాళ్ల సంగతి తేలిపోయినట్టు కాదు. దీనికి నా దగ్గర శుభ్రమైన జవాబు లేదు.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మన సహవాసంలోనే అరడజను మంది నర్సులు ఉన్నారు. శుక్రవారం ఆరాధన తర్వాత ఒక గంట, పిల్లల్ని చూసుకునే అక్కలందరినీ పిలిచి, గొంతుకి అడ్డం పడితే ఏం చేయాలి, పసిబిడ్డని వెల్లకిలా ఎందుకు పడుకోబెట్టాలి, ఏడాది లోపు తేనె ఎందుకు పెట్టకూడదు, చిన్నపిల్లలకి ముక్కలు చేయని వేరుశనగ గింజలు ఎందుకు పెట్టకూడదు, డాక్టరు చెప్పని సిరప్ నిద్ర కోసం ఎందుకు పట్టకూడదు, చేసి చూపిస్తామన్నారు ఇద్దరు సిస్టర్లు. తల్లిదండ్రులు కూడా వచ్చి అదే బల్ల మీద కూర్చోవాలని వాళ్లు షరతు పెట్టారు. సిలిండరు తలుపు దగ్గర నుంచి జరిపించడం, బాల్కనీకి గ్రిల్లు పెట్టించడం, వీటికి తలా కొంత వేసుకుంటే పోతుంది. ఆ కొత్త జంటకి కూడా మొన్న ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు వాళ్లు. తర్వాత, "ముందే చెప్పాల్సింది బ్రదర్" అన్నారు. నిజమే.

పోయిన వారం పాపని తీసుకోవడానికి వెళ్తే, అక్క ఫోన్ పట్టుకుని మెట్ల దగ్గరే ఎదురొచ్చింది. ఊరి నుంచి అంగన్‌వాడీ కార్డు ఫొటో పంపారట. "మావాడి బరువు సరిపోయిందా బ్రదర్ గారూ? నాకు ఈ గీతలు తెలియట్లేదు" అంది. ఫొటో పెద్దది చేసి చూశాను. నాలుగేళ్లు, 13 కిలోల 200 గ్రాములు. చుక్క ఆకుపచ్చ పట్టీలోనే ఉంది, కానీ కింది అంచుకి దగ్గరగా ఉంది. అదే చెప్పాను. పాలు, గుడ్డు మానకుండా చూడమని, వచ్చే నెల కార్డు కూడా నాకు చూపించమని చెప్పాను. ఆమె తలూపింది. కార్డు మీద పేరు సరిగా కనపడలేదు.

"బాబు పేరేంటి అక్కా?" అని అడిగాను. మా పాప ఆమె దగ్గర ఏడాదిన్నరగా ఉంటోంది. ఆ పేరు నేను అడగడం అదే మొదటిసారి.